వరసలో ముందెవరు?

మొన్న నాన్నగారిని ఆసుపత్రిలో చేర్పించేటప్పుడు అడ్వాన్సు కట్టమన్నారు. ఫోనుకే లింకు పంపారు. కార్డు నంబరు కొట్టి ఓటీపీ కోసం చూస్తున్నా. ఫోను మోగింది. చీరల మీద సగానికి సగం తగ్గింపట! మళ్లీ మోగింది. నా కార్డు పరిమితి పెంచుతారట. అసలు కావాల్సిన ఆరంకెలు వచ్చేసరికి గడువు కాస్తా దాటిపోయింది. చివరికి ఏటీఎంకి పరుగెత్తి డబ్బు తెచ్చి కట్టాను.

మా పెద్దమ్మ కొడుకు బెంగళూరులో బ్యాంకుల సాఫ్ట్‌వేర్ రాస్తుంటాడు. నాన్నగారిని చూడ్డానికి వచ్చినప్పుడు పట్టుకున్నాను. ''అన్నయ్యా, ఈ మెసేజ్‌లకి ఓ వరసంటూ ఉండదా?''

''ఎందుకుండదూ! ఆ వరస పెట్టడమే మా ఉద్యోగం. నెట్‌వర్కు తప్పయినా కావచ్చుగానీ, వరస సరిగా పెట్టకపోతే అంతకన్నా పెద్దవే జరుగుతాయి'' అన్నాడు.

బ్యాంకులో ఒక కంప్యూటరు జీతాలు చూస్తుంది, ఇంకోటి అప్పులు, మరోటి మన ఫోన్లకు కబుర్లు. అవి చాలాసార్లు నేరుగా మాట్లాడుకోవు. చెప్పాల్సింది చీటీ రాసి ఓ వరసలో పడేస్తాయి. అవతలిది తీరిక దొరికినప్పుడు తీసుకుంటుంది. అది కాసేపు మొరాయించినా చీటీ పోదు. దీన్నే మెసేజ్ క్యూ అంటారు. ఐబీఎం 1993లో ఎంక్యూసిరీస్ పేరుతో తెచ్చింది ఇలాంటిదే. ఇప్పుడు దాని పేరు ఐబీఎం ఎంక్యూ. బ్యాంకులు నేటికీ వాడుతున్నాయి.

మరి ఏ చీటీ ముందు తీయాలి? రేషన్ షాపులోలా ముందొచ్చినవాళ్లకు ముందు అనడం తేలిక. కాదూ అంటే చీటీకో అంకె వేయొచ్చు. 0 నుంచి 9 దాకా. 9 అంటే అన్నిటికన్నా తొందరది. ఒకే అంకె ఉన్నవాటిలో మళ్లీ ముందొచ్చిందే ముందు. ఆసుపత్రిలో ఓపీ వరసా, క్యాజువాలిటీ తలుపూ ఉంటాయి చూడండి, అలాగన్నమాట. జావా ప్రపంచంలోనూ ఇవే పది మెట్లు. ఏ అంకే వేయకపోతే 4 అనుకుంటారు. వెబ్‌లాజిక్ అనే సాఫ్ట్‌వేర్‌లోనైతే చివర వచ్చినదాన్ని ముందు తీయమనీ చెప్పొచ్చు. షేర్ల ధరల్లాంటివాటికి అది నయం. పొద్దుటి ధర మధ్యాహ్నం ఎవరిక్కావాలి? (మా అమ్మ మాత్రం ఒప్పుకోదు. డబ్బాలో పాత బియ్యం అయిపోతేగానీ కొత్తవి పోయనివ్వదు.)

ఇంకో తిరకాసుంది. చీటీ మీద అంకె వేస్తే చాలదు, ఆ అంకె చూసి వరస మార్చమని క్యూకి కూడా చెప్పాలి. యాక్టివ్‌ఎంక్యూ క్లాసిక్‌లో ఈ సౌకర్యం మొదట ఆపేసి ఉంటుంది. ఆ సంగతి తెలియక 9లు వేసుకుంటూ కూర్చున్నవాళ్లను చూశానన్నాడు అన్నయ్య.

అన్నయ్య వాళ్లకు తగిలిన దెబ్బ వేరు. ఓ నెల ఒకటో తారీఖున వాళ్లు చూసే క్యూలో జీతాల చీటీలు వేలకొద్దీ పడ్డాయి. వాటి అంకె 4. కాసేపటికి అప్పుల విభాగం నుంచి ఇంటి వాయిదాల చీటీలు వచ్చాయి. 'మాది తొందర' అని వాళ్లెప్పుడో 7 వేయించుకున్నారు. ఇంకేం, వాయిదా చీటీ వెనక వచ్చి ముందుకెళ్లింది. ఖాతాలో డబ్బు లేదు. వాయిదా తిరిగొచ్చింది, జరిమానా పడింది. ఆ తర్వాత అదే ఖాతాలో జీతం పడింది! ఆ ఇంటాయన తప్పేముంది చెప్పండి?

ఫోన్లు మోగిపోతుంటే అన్నయ్య వాళ్లు హడావుడిగా అంకెల పద్ధతి తీసేసి, ముందొచ్చింది ముందు అని మార్చారు. అయినా జరిమానాలు ఆగలేదు. అప్పుడు పుస్తకం తీసి చూశారట. ఐబీఎం ఎంక్యూలో మెసేజ్‌లు వరసలో ఉండగా పద్ధతి మారిస్తే, అప్పటికే నిలబడ్డవి కదలవు. కొత్తగా వచ్చేవాటికి మాత్రం ఆ క్యూకి రాసిపెట్టిన మామూలు అంకె వర్తిస్తుంది. వీళ్ల క్యూకి ఎవరో ఏనాడో 5 అని రాశారు. కాబట్టి కొత్త వాయిదాలు 5 అయ్యి, నిలబడి ఉన్న 4ల ముందుకు మళ్లీ దూరాయి. ఆ రాత్రి క్యూ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా కొత్తవేవీ రానీయకుండా ఆపి, అప్పుడు మార్చారట. జరిమానాలు వెనక్కి ఇప్పించడానికి ఇంకో వారం పట్టింది.

''ఇప్పుడు ఒక ఖాతాకి సంబంధించిన చీటీలన్నీ ఒకే వరసలో, వచ్చిన క్రమంలోనే వెళ్తాయి. ఓటీపీలకు వేరే క్యూ, ప్రకటనలకు వేరే క్యూ. ఒకదాని వెనక ఒకటి నిలబడే పనే లేదు'' అన్నాడు.

''అయితే అందరూ ఊరుకున్నారా?''

''ఎక్కడ! అంకెలున్న క్యూలు ఇంకా ఉన్నాయిగా. ప్రతి విభాగమూ 9 కావాలనే అడుగుతుంది. అందరికీ 9 ఇస్తే మళ్లీ రేషన్ షాపే. కొందరికే ఇస్తే రద్దీ రోజున 0 వేసినవి కదలనే కదలవు. ఒకసారి నెలవారీ స్టేట్‌మెంట్లు అలాగే రోజంతా పడున్నాయి.''

ప్రస్తుతం 9 కోసం గట్టిగా పోట్లాడుతున్నది ఖాతాదారులకు పుట్టినరోజు శుభాకాంక్షలు పంపే విభాగమట. ఆలస్యమైతే మర్నాడైపోతుంది కదండీ అంటున్నారట. అన్నయ్య దగ్గర దానికింకా సమాధానం లేదు.