తేటనీరు, మంచినీరు ఒకటి కావు

ఆక్సోలోటల్ మెక్సికో నగరంలోని సోచిమిల్కో కాలువలకు చెందిన ఉభయచరం. దానిని తొలిసారి పెంచదలచిన విద్యార్థి మిత్రులు తొట్టెలోని తేటనీటిని చూచి భ్రమపడరాదు. విసర్జనల నుండి, మిగిలిన మేత నుండి పుట్టే అమ్మోనియా కంటికి కనిపించని విషం. కొన్ని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా, మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే. నైట్రేటును వారం వారం కొంత నీరు మార్చి తగ్గించవచ్చు.

క్లోరిన్ తొలగించిన నీటిలో, కొద్దిగా అమ్మోనియా చేర్చుతూ, ఈ సూక్ష్మజీవులను ముందుగా పెంపొందించాలి. అందుకు సాధారణంగా 4 నుండి 8 వారాలు పడుతుంది. చేర్చిన అమ్మోనియా ఒక్కరోజులో నైట్రేటుగా మారి, పరీక్షలో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాగా తేలిన తరువాతనే జీవిని తేవాలి.

నీరు 16–18 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండాలి. మన వేసవిలో ఆ చల్లదనం కల్పించలేనివారు ఈ మూగజీవిని తెచ్చుకొనకపోవడమే దయ అని నా అభిప్రాయం.