ఎవరూ లేని తీరమట!

కాలిఫోర్నియాలో మెండొసీనో అనే తీరం ఉంది. 1863లో కార్లెటన్ వాట్కిన్స్ అక్కడ ఫోటోలు తీశాడు, దాదాపు 18కి 22 అంగుళాల గాజు పలకల మీద. కొండకొమ్ములు, ఏరు సముద్రంలో కలిసే చోటు, రంపపు మిల్లు. గొప్ప పనితనమే, మేం కాదనం.

మా గొడవల్లా వాటిని చూసి "మనిషి అడుగుపడని నేల" అని మురిసిపోయేవాళ్లతోనే.

ఆ రోజుల్లో పలకకు కొలోడియన్ పూసి, వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే బొమ్మ తీసి కడగాలి. వెలుగు చాలాసేపు పడాలి. కదిలేదేదీ సరిగా నిలవదు. అలలే పొగలా చెదిరిపోయేవి. ఆలిచిప్పలు ఏరుకునే మనిషి నిలుస్తాడా?

కానీ తప్పంతా కెమెరాదే అంటే దొంగను వదిలేసినట్టే. ఆ తీరం పోమో ప్రజలది. 1856లోనే నోయో నది దగ్గర రిజర్వేషన్ పెట్టి వాళ్లనూ ఇతర తెగలనూ అందులోకి తోలారు. (మన ఉద్యోగాల రిజర్వేషన్ కాదు, తెగల్ని తోలి ఉంచిన చోటు.) మరుసటి ఏడాది పక్కనే సైనిక శిబిరం. ఫోటోలు తీసిన మూడేళ్లకు, 1866లో, ఆ రిజర్వేషన్‌నూ ఎత్తేశారు. ఖాళీ చేయించింది ఒకరు, ఖాళీగా ఉందని చూపింది మరొకరు.

మన బడిలో సీనరీ గీయమంటే పిల్లలు రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక ఏరు గీస్తారు. మనుషులుండరు. అలా నేర్పింది మనమే, టీచర్లమే. ఈసారి ఆ ఏట్లో నీళ్లు ముంచుకునే అమ్మను కూడా గీయమందాం.