సంపాదకుని మాట: బావ, బావమరిది, ఒక ఎర్రనేల

వాన ముఖం చాటేసి వేరుశెనగ చేలు ఎండిపోయిన ఏళ్లు మన అనంతపురం జిల్లాకు కొత్తకాదు. ఆ నేలే నీలం సంజీవరెడ్డిని కన్నది. 1913లో ఇల్లూరులో పుట్టి, చదువు వదిలి స్వాతంత్ర్యోద్యమంలోకి దూకి, 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే.

నన్ను పట్టి నిలిపేది 1952. ఆ ఎన్నికల్లో అనంతపురం ఓటర్లు ఆయన్ను ఓడించారు. గెలిచింది స్వయానా ఆయన బావమరిది, కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి. అదీ జైల్లో ఉండి! ఆ రోజుల్లో నాగిరెడ్డి తోబుట్టువు, సంజీవరెడ్డి భార్య అయిన నాగరత్నమ్మగారి మనసు ఎలా ఉండేదో అని ఎన్నోసార్లు అనుకున్నాను.

బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యలకే 1964లో సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవి వదులుకున్నారు. ఈ సంగతి మన పిల్లలకు తప్పక చెప్పాలి. 1969లో రాష్ట్రపతి ఎన్నికలో వి.వి.గిరి చేతిలో ఓడి, అనంతపురం తిరిగొచ్చి సేద్యం చేశారు. అదే ఏడాది నాగిరెడ్డి శాసనసభ్యత్వానికి రాజీనామా చేసి విప్లవ మార్గం పట్టారు.

1976 జూలైలో, ఎమర్జెన్సీ నడుస్తుండగా, నాగిరెడ్డి అజ్ఞాతంలోనే కన్నుమూశారు. ఏడాది తిరిగేసరికి బావ పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు.

ఇద్దరినీ చూసిన పెద్దలు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఈ సంచిక వాళ్లకోసం.