చెత్త జట్టా, చెత్త లెక్కా?

గత సంచికలో మన మిత్రుడొకరు బేస్‌బాల్ చరిత్రలోని అధ్వాన్నపు ఆటగాళ్లను ఏరి ఒక జట్టు వేశారు. ఒక్కొక్కరి పేరు పక్కన ఒక చెణుకు అంటించారు. మొదటిసారి చదివి నేనూ నవ్వాను. రెండోసారి నవ్వు రాలేదు. మూడోసారి చదివాక కలం తీశాను. మిత్రుడి మీద నాకు కోపం లేదు. ఆయన లెక్క మీద ఉంది.

ఆయన పెట్టుకున్న నియమం మూడు ముక్కలు: ఎక్కువ ఆటలు ఓడినవాడు, తక్కువ సగటు ఉన్నవాడు, ఎక్కువ తప్పులు చేసినవాడు. సరే, ఆ నియమాన్నే పట్టుకుందాం. మేజర్ లీగ్ చరిత్రలో అందరికంటే ఎక్కువ ఆటలు ఓడిన పిచర్ ఎవరు? సై యంగ్. 315 ఓటములు. ఏటేటా ఉత్తమ పిచర్‌కి ఇచ్చే బహుమతికి ఆయన పేరే పెట్టారు. ఎందుకంటే గెలిచినవి 511! అందరికంటే ఎక్కువసార్లు స్ట్రైకౌట్ అయిన బ్యాటర్ రెజీ జాక్సన్, 2,597 సార్లు. అందరికంటే ఎక్కువమందిని ఊరికే మొదటి బేస్‌కి నడిపించిన పిచర్ నోలన్ రయన్, 2,795 మందిని. ముగ్గురూ కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. మిత్రుడి జట్టులో వీరు ముగ్గురూ ఎందుకు లేరు? నియమం ప్రకారం ముందు వరసలో ఉండాలే!

లేకపోవడానికి కారణం ఆయనకీ తెలుసు. పొలానికి వెళ్లనివాడి కాళ్లకు బురద అంటదు. 315 ఆటలు ఓడాలంటే అన్నిసార్లు బంతి చేతికివ్వాలని మేనేజర్‌కి నమ్మకం ఉండాలి. నిజంగా చేతగానివాడు రెండు రోజులాడి ఇంటికి పోతాడు. వాడి పేరు ఏ పట్టికకీ ఎక్కదు. అధ్వాన్నపు పట్టికల్లోకి ఎక్కేది ఏదో ఒక పనికి అక్కరకొచ్చి, నిలబడి, ఏళ్ల తరబడి ఆడినవాళ్లే.

మేరియో మెండోజాని చూడండి. పదిసార్లు బ్యాటు పట్టుకుంటే రెండు హిట్లు కూడా కొట్టలేనివాణ్ని "మెండోజా గీత కింద ఉన్నాడు" అని ఈ దేశంలో వెక్కిరిస్తారు. 1979లో సియాటిల్‌కి ఆడినప్పుడు ఆయన సగటు 0.198, నిజమే. కాని ఆ ఏడు ఆయన్ని 148 ఆటలు ఆడించారు. అన్ని ఆటలు ఎందుకు ఆడించారో మిత్రుడు అడగలేదు. షార్ట్‌స్టాప్‌లో ఆయన చేతుల్లోంచి బంతి జారడం అరుదు. మెక్సికోవాళ్లు ఆయన్ని పట్టుచేతులవాడని పిలుచుకున్నారు. తమ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పీట వేశారు. ఇంతా చేసి, మేజర్ లీగ్‌లో ఆయన మొత్తం సగటు 0.215. తన పేరు పెట్టిన గీతకు తానే పైన ఉన్నాడు!

అంతకుముందు బిల్ బెర్గెన్ అని ఒక క్యాచర్ ఉండేవాడు. 1901 నుంచి 1911 దాకా ఆడాడు, సగటు 0.170. అంతకంటే తక్కువ కొట్టి అంతకాలం ఆడినవాడు ఇంకొకడు లేడు. బేస్ దొంగిలించబోయేవాణ్ని ఆపే చెయ్యి ఆయనది. ఆ చేతికోసం పదకొండేళ్లు జీతమిచ్చారు.

ఆంథొనీ యంగ్ సంగతి ఇంకా అన్యాయం. 1992, 1993లలో న్యూయార్క్ మెట్స్‌కి ఆడుతూ వరసగా 27 ఓటములు మూటగట్టుకున్నాడు. ఆ వరస నడుస్తుండగానే ఆట చివర్లో వచ్చి ఇతరుల గెలుపులు ఎన్నో నిలబెట్టాడు కూడా. 1993లో తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఆయన ఇచ్చిన పరుగులు సగటున 3.77 మాత్రమే. అలా వేసినవాడికి ఒక్క గెలుపు, పదహారు ఓటములు! ఆ ఏడు ఆ జట్టు మొత్తం 103 ఆటలు ఓడింది. జట్టంతా చేసిన అప్పు ఒక్కడి ఖాతాలో రాశారు. ఆయన 2017లో పోయాడు. ఆ 27 ఇంకా ఆయన పేరుకి వేలాడుతూనే ఉంది.

పోనీ, నవ్వుకోడానికి ఒక జట్టు కావాలి అంటారా? నేను చూపిస్తాను. 1899లో క్లీవ్‌లాండ్ స్పైడర్స్ 154 ఆటల్లో 134 ఓడింది. ఎందుకు ఓడింది? దాని యజమానులు సెయింట్ లూయిస్‌లో ఇంకో జట్టు కొనుక్కుని, సై యంగ్‌తో సహా మంచి ఆటగాళ్లందర్నీ అక్కడికి తరలించారు. మిగిలినవాళ్లను ఓడమని వదిలేశారు. మిత్రుడి జాబితాలో ఒక్క యజమాని పేరైనా ఉందా? లేదు. వంట పాడైతే సరుకు ఇవ్వనివాణ్ని వదిలేసి వంటవాణ్ని తిడతాం, అదీ మన న్యాయం.

"బాబ్ యూకర్ తన ఆట గురించి తానే నవ్వించలేదా?" అని మిత్రుడు అడగవచ్చు. నవ్వించాడు. సరిగ్గా 0.200 సగటుతో ఆరేళ్లు ఆడి, 1971 నుంచి 2024 దాకా మిల్వాకీ బ్రూవర్స్ ఆటలకు వ్యాఖ్యానం చెప్పి, 2025 జనవరిలో పోయేదాకా నవ్విస్తూనే ఉన్నాడు. కాని ఆయన నవ్వింది తన మీద. ఆ హక్కు ఆయనది. బయటివాళ్లం మనం ఆ హక్కు అరువు తెచ్చుకోలేం.

క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లం, మనకీ సంగతి ఒకరు చెప్పాలా? చంద్రశేఖర్ టెస్టుల్లో తీసిన వికెట్లు 242, చేసిన పరుగులు 167. ఆయన బ్యాటింగ్ చూసి జట్టు వేస్తే ఆయనది ఏ జట్టవుతుంది? 1971లో ఓవల్‌లో ఇంగ్లండును పడగొట్టింది ఆ మనిషే.

ఇంత రాయడానికి అసలు కారణం వేరే ఉంది. ఒక వేసవి పిక్నిక్‌లో మనవాళ్ల పిల్లలు సాఫ్ట్‌బాల్ ఆడారు. చివర్లో పెద్దలు సరదాకి "చిల్లుచేతుల బహుమతి" అని ప్రకటించి, మూడు క్యాచ్‌లు వదిలిన ఒక కుర్రాడికి అట్లకాడ ఇచ్చారు. అందరం నవ్వాం, వాడూ నవ్వాడు. తరవాతి పిక్నిక్‌కి వాడు రాలేదు. ఎండలో ఆ చివరి మూలన రెండు గంటలు నిలబడ్డవాడు వాడొక్కడే. ఆట రానివాళ్లం నీడలో కూర్చుని పులిహోర తింటూ లెక్కపెట్టాం.

కనుక నా ప్రతిపాదన. వచ్చే పిక్నిక్‌కి అధ్వాన్నపు జట్టు వేయదలిస్తే, మైదానంలోకి దిగకుండా గట్టున కూర్చుని చెణుకులు విసిరినవాళ్లతో వేద్దాం. మొదటి పేరు నాదే రాసుకోండి. రెండో పేరు ఎవరిదో మిత్రుడికి చెప్పనక్కరలేదు. అట్లకాడ మా ఇంట్లోదే తెస్తాను.