గోడ కంటే ముందు కొలత

ఓరుగల్లుకు గోడలు కొత్త కాదు. గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి పూర్తి చేసిన రాతికోట, దాని చుట్టూ మట్టికోట నేటికీ నిలిచి ఉన్నాయి. ఆ కోటలో ఇప్పటికీ జనం కాపురాలుంటున్నారు. అక్కడ ఇంటి ముందు నాలుగడుగుల ప్రహరీ లేపాలన్నా కేంద్ర పురావస్తు చట్టం గుర్తుకు రావాల్సిందే. 2010 సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్ల దాకా ముందస్తు అనుమతి తప్పనిసరి. హనుమకొండలో వేయిస్తంభాల గుడి చుట్టుపక్కల ఇళ్లకూ ఇదే వర్తిస్తుంది.

కోట దాటి కాలనీల్లోకి వస్తే మాత్రం ప్రహరీని పట్టించుకునేవారు కనపడరు.

ఇంటి అనుమతి ఇప్పుడు సులువైంది. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం కింద 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు మించని ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. ప్రహరీ మాత్రం ప్లాన్ కాగితం మీద ఒక గీతగానే ఉండిపోతుంది. ఇల్లు పూర్తయ్యాక, మేస్త్రీ ఇంకా చేతిలో ఉండగానే, మిగిలిన ఇటుకతో లేచే గోడ అది. కాగితం మీది గీత నేల మీదికి దిగేసరికి అడుగో అడుగున్నరో రోడ్డు వైపు జరుగుతుంది. దాని ముందు ర్యాంపు, ర్యాంపు కింద మూసుకుపోయిన మోరీ. ఎదురింటివారూ అదే పని చేస్తే ఆ గల్లీలోకి అంబులెన్స్ రావడమే కష్టం.

ఖాళీ ప్లాటు చుట్టూ కడీలు పాతి ముళ్లతీగ చుట్టేవారిని తప్పు పట్టలేం. వారిది కబ్జా భయం. ఊరికి దూరంగా ఉద్యోగం చేసుకునేవారి 200 గజాలకు ఆ తీగే కాపలా. అయితే గోడ కట్టినంత మాత్రాన హక్కు రాదు, కార్పొరేషన్ ఇచ్చే అనుమతి కూడా యాజమాన్య పత్రం కాదు. హక్కు తేలేది రిజిస్టర్డ్ దస్తావేజుతో, లింకు డాక్యుమెంట్లతో.

అసలు నష్టం నాలాల దగ్గర. 2020 ఆగస్టులో వరంగల్, హనుమకొండ కాలనీలు నీట మునిగాయి. నాటి మంత్రి కేటీఆర్ వచ్చి చూసి, నాలాలపై ఆక్రమణలు తొలగించాలని ఆదేశించారు. 2023 జూలైలో మళ్లీ మునక. 2012 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 మీటర్ల లోపు వెడల్పున్న నాలాకు 2 మీటర్లు, అంతకు మించితే 9 మీటర్లు వదలాలి. ఇల్లు ఆ దూరం పాటించినా ప్రహరీ నాలా అంచున కూర్చుంటే ఏం లాభం? వరదకు ఇంటి గోడైనా ప్రహరీ గోడైనా ఒకటే.

ఎత్తు సంగతీ అంతే. జాతీయ భవన నిర్మాణ స్మృతి ముందు ప్రహరీకి మామూలుగా 1.5 మీటర్ల ఎత్తు చాలంటుంది. మలుపు తిరిగే బండికి ఎదుటి మనిషి కనపడాలి కాబట్టి మూల ప్లాట్లలో ఇంకా తగ్గించమంటుంది. ఇంగ్లండ్‌లో రోడ్డు పక్క కంచె మీటరు దాటితే, మిగతా చోట్ల రెండు మీటర్లు దాటితే అనుమతి తీసుకోవాలి. ఈ లెక్క సామాన్యుడికి కూడా ఇట్టే అర్థమవుతుంది.

గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ ఇంకో దరఖాస్తు పెట్టి జనాన్ని తిప్పాల్సిన పని లేదు. సర్వేయర్ ఒక్కసారి వచ్చి, ముగ్గు పోసి హద్దు చూపిస్తే సగం తగాదాలు తీరతాయి. అక్రమ నిర్మాణాన్ని నోటీసు లేకుండానే కూల్చే అధికారం 2019 మున్సిపల్ చట్టం ఇచ్చింది. పునాది నాడు రాని అధికారి, గోడ లేచాక జేసీబీతో రావడం న్యాయం కాదు.

అప్పటిదాకా ఇంటివారు చేయగలిగింది ఒకటుంది. పునాది తవ్వే ముందు లేఅవుట్ కాపీ చేతిలో పట్టుకుని, పక్కింటివారిని పిలిచి, రోడ్డు నడిమి నుంచి టేపు పెట్టి కొలవండి.