నున్నని మాటకే పెద్ద కుర్చీ

జాలి లేకపోవడం, అబద్ధానికి తడబడకపోవడం, తప్పు చేసినా మనసు కలుక్కుమనకపోవడం. కెనడా మనస్తత్వవేత్త రాబర్ట్ హేర్ సైకోపతీని కొలిచే 20 అంశాల పట్టీలో ఇవీ ఉన్నాయి. అదే కొలతతో ఆయనా, మరో ఇద్దరూ 203 మంది కంపెనీ ఉద్యోగులను పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు 4 శాతం మంది సైకోపతీ గీత దాటారు. జనసామాన్యంలో ఇది ఒక శాతమేనని అంచనా. కంపెనీల్లో ఉన్నవాళ్లంతా ఇంతేనని కాదు; 203 మందే లోకం కాదు. అసలు కలవరపెట్టేది మరొకటి. ఆ కొలతలో ఎక్కువ మార్కులొచ్చినవాళ్లకు మాటకారితనంలో, వ్యూహరచనలో మంచి పేరే వచ్చింది; పనితీరులో, జట్టుతో కలిసి నడవడంలో వెనకబడ్డారు. అయినా కొందరు పెద్ద కుర్చీల్లోనే ఉన్నారు. ఎవరినైనా గద్దెనెక్కించే ముందు కంపెనీ బోర్డులైనా, పార్టీ అధిష్ఠానాలైనా ఆ మనిషి కింద పనిచేసినవాళ్లను ఒక్కమాట అడగాలి.