రౌటర్‌కు తాత ఉలి మర్యాద వద్దు

వడ్రంగి ఇంట్లో పనిముట్టుకు చావు లేదు. బాడిశ మొద్దుబారితే సాన పడతారు. పిడి విరిగితే తుమ్మకర్రతో కొత్త పిడి వేస్తారు. ఉలి అరిగి పొట్టిదైతే సన్న పనికి వాడుకుంటారు. తాత నాగళ్లు చెక్కిన బాడిశతోనే మనవడు దర్వాజలు చెక్కిన ఇళ్లు తెలంగాణలోని పెద్దవంగర, కొడకండ్ల, తొర్రూరు చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నాయి. పాతబడ్డ కొద్దీ చేతికి అలవాటై విలువ పెరిగే సామాను అది. దాన్ని పారేయడం తప్పని పిల్లలకు నేర్పిన పెద్దల మాట సబబే.

ఆ మర్యాదనే ఇప్పుడు కరెంటు మిషన్లకూ ఇస్తున్నారు. వేళ్లు పోతున్నది అక్కడే.

రౌటర్ సంగతే చూద్దాం. తలుపు మీద పువ్వు డిజైను తీయాలన్నా, దర్వాజ అంచు గుండ్రంగా రావాలన్నా, లామినేట్ అంచు సమం చేయాలన్నా ఈ మిషనే కావాలి. చేత్తో రెండు రోజులు పట్టే పని ఒక పూటలో అవుతుంది. చేతిలో ఇమిడే చిన్న ట్రిమ్మర్ నిమిషానికి 30,000 చుట్లు తిరుగుతుంది. పెద్ద రౌటర్ 20,000 దాటి తిరుగుతుంది. 50 మిల్లీమీటర్ల వెడల్పున్న బిట్టును 22,000 చుట్ల మీద తిప్పితే దాని అంచు గంటకు 200 కిలోమీటర్ల పైన వేగంతో కొయ్యను తాకుతుంది. (అంత వెడల్పు బిట్టును అంత వేగంతో తిప్పనే కూడదు. వేగం తగ్గించే వీలున్న మిషన్ మీదే దాన్ని వాడాలి.) ఆ వేగంలో బిట్టును పట్టి ఉంచేది కాలెట్ ఒక్కటే. చీలికలున్న చిన్న ఇనుప గొట్టం అది. నట్టు బిగిస్తే ముడుచుకుని బిట్టు కాడను పట్టుకుంటుంది.

ఈ కాలెట్ అరుగుతుందన్న సంగతి చాలా షెడ్లలో ఎవరూ పట్టించుకోరు. కొయ్య జిగురు, పొడి లోపల పేరుకుంటాయి. బిట్టు లేకుండా నట్టు బిగించినా, కాడను సగమే దూర్చి బిగించినా దాని ఆకారం చెడుతుంది. పనిలో ఉండగా బిట్టు కొంచెం కొంచెంగా బయటికి జారడం, గాడి ఒకచోట లోతుగా మరోచోట పైపైన పడటం, బిట్టు కాడ మీద నల్లటి కాలిన గీతలు కనిపించడం దానికి గుర్తులు. అప్పుడు మనవాళ్లు చేసేది పానాతో ఇంకా గట్టిగా బిగించడం. అది మందు కాదు. కాలెట్ మార్చాల్సిందే. మిషన్ ధరలో దాని ఖర్చు చాలా తక్కువ.

బిట్టు సంగతీ అంతే. పదును పోయిన బిట్టు కొయ్యను కోయదు, కాలుస్తుంది. పొగ వస్తుంది, అంచు నల్లబడుతుంది, పనివాడు ఇంకా బలంగా తోస్తాడు. తోసిన చెయ్యి జారితే ఎక్కడికి పోతుందో చెప్పనక్కర లేదు. కొసన కార్బైడ్ ముక్క కొంచెం ఎగిరినా ఆ బిట్టును మళ్లీ ఎక్కించకూడదు. మోటారు వెనక నిప్పురవ్వలు ఎక్కువైతే కార్బన్లు అరిగినట్టు. ప్లగ్గు తీసి షాఫ్టును వేళ్లతో కదిపి చూస్తే అటూ ఇటూ ఆడుతోందంటే బేరింగు పోయినట్టు. ఇవన్నీ మార్చుకునే భాగాలే. భాగాలు మార్చినా ఆట పోకపోతే, స్విచ్చు ఒకసారి పడి ఒకసారి పడకపోతే, ఒళ్లు పగిలితే ఆ మిషన్ పని అయిపోయింది.

కరెంటు పోవడం మన షెడ్లలో మామూలే కనుక ఇంకో మాట. పాత రౌటర్ స్విచ్చును ఆన్‌లో బిగించి వాడతారు. మధ్యలో కరెంటు పోతుంది. స్విచ్చు తీయడం మరిచి మిషన్‌ను పలక మీద పెట్టి చాయ్‌కి పోతారు, లేదా బిట్టు మార్చడానికి కూర్చుంటారు. కరెంటు రాగానే అది దానంతట అదే లేస్తుంది. ఇప్పుడు వచ్చే కొన్ని మిషన్లు కరెంటు తిరిగి వచ్చినా స్విచ్చు ఆపి మళ్లీ వేస్తే తప్ప తిరగవు. కొత్తది కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే అంటాను. వాట్లు ఆ తర్వాత అడగవచ్చు. పాతదానితోనే నెట్టుకురావాల్సి వస్తే కరెంటు పోయిన మరుక్షణం ప్లగ్గు పీకాలి. పీకడానికి ప్లగ్గు ఉండాలి కూడా. వైరు కొసలు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలతో బిగించే అలవాటు ఈ రోజే మానాలి.

పొడి పోకుండా ముక్కుకు తువ్వాల కట్టుకుంటారు. కలప పొడి మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది కాబట్టి ముక్కు మూసుకోవడం మంచిదే. కానీ వేలాడే తువ్వాల కొసను బిట్టు లాక్కుంటుంది. మాస్కు పెట్టుకోండి. గ్లౌజులు అసలే వద్దు, అవి వేలితో సహా లోపలికి పోతాయి. పలక బయటి అంచు తీసేటప్పుడు మిషన్‌ను గడియారం ముల్లుకు ఎదురు దిక్కున నడపాలి. గడియారం ముల్లు తిరిగే దిక్కున నడిపితే అది చేతిని ఈడ్చుకుపోతుంది.

ఇవన్నీ మేస్త్రికి తెలుసు. నాకు కోపం తెప్పించేది వేరే సంగతి. షెడ్డులోకి కొత్త మిషన్ వస్తే అది మేస్త్రి చేతికి పోతుంది. అరిగిన కాలెట్‌తో, టేపు చుట్టిన వైరుతో పాత మిషన్ నిన్న పనిలో చేరిన కుర్రాడి చేతికి వస్తుంది. ఏ మోత మామూలుదో ఏది కాదో తెలియని చేతికి అన్నిటికంటే ప్రమాదకరమైన సామాను ఇవ్వడం పని నేర్పడం కాదు. చట్టం కూడా ఆ కుర్రాడి పక్కన లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడే చోట పది మంది పనివాళ్లుంటే తప్ప ఫ్యాక్టరీ అనలేదు. దాని స్థానంలో వచ్చిన 2020 నాటి కార్మిక కోడ్ ఆ సంఖ్యను ఇరవై చేసింది. నలుగురు పనిచేసే షెడ్డు దేనికిందికీ రాదు. ఇక 1923 నాటి నష్టపరిహార చట్టం పట్టికలో పూర్తి బొటనవేలు పోతే 30 శాతం, చూపుడు వేలు పోతే 14 శాతం సంపాదన నష్టమని లెక్క కట్టారు. చూపుడు వేలు లేకుండా ఉలి నిలబెట్టి పట్టడం ఎంత కష్టమో వడ్రంగిని అడిగితే ఆ 14 ఎంత అన్యాయమో తెలుస్తుంది.

డబ్బు ఎక్కడిదని అడగడం న్యాయమే. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులున్నారు. పనిముట్లకు రూ.15,000 వరకు, ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణలో రోజుకు రూ.500, ఆ తర్వాత 5 శాతం వడ్డీకి తొలి విడత లక్ష రూపాయల వరకు అప్పు ఇస్తారు. ఆ శిక్షణలో ఒక పూట అరిగిన కాలెట్‌ను, కొత్త కాలెట్‌ను పక్కపక్కన పెట్టి చూపించాలి. సామాను కొనివ్వడం ఎంత ముఖ్యమో, దాన్ని ఎప్పుడు వదిలేయాలో చెప్పడం అంతే ముఖ్యం.

ఇల్లు కట్టించేవాళ్లకూ ఇందులో పాత్ర ఉంది. శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకుని, ఆషాఢం చివర్లో తలుపుల పని అప్పజెప్పి, రాత్రిళ్లు చేయమని తరిమితే అలసిన చేతిలో ఏ మిషనూ క్షేమం కాదు. నెల ముందు చెప్పండి. బేరంలో తగ్గించే వెయ్యి రూపాయలు కాలెట్, బిట్టు మార్చాల్సిన డబ్బేనేమో ఆలోచించండి.

మేస్త్రీలకు చివరి విన్నపం. పనికిరాని రౌటర్‌ను వైరుతో సహా సగం ధరకు ఇంకొకరికి అమ్మకండి. వైరు కత్తిరించి పాత ఇనుముకు వేయండి. సెకండ్ హ్యాండ్‌లో దాన్ని కొనేది ఎక్కువసార్లు మీ దగ్గర పని నేర్చుకుని సొంతంగా షెడ్డు పెట్టుకున్న కుర్రాడే.